మోకాళ్లకు తోడు మడతకర్ర

కొండ ఎక్కటం కష్టమా, దిగటం కష్టమా?

ఈ ప్రశ్న మీ తరగతిలో వేసి చూడండి. ఎక్కువమంది "ఎక్కటమే" అంటారు. ఎక్కేటప్పుడు ఆయాసం వస్తుంది, చెమటలు పడతాయి, గుండె దడదడ కొట్టుకుంటుంది. దిగేటప్పుడు ఈ బాధలేవీ ఉండవు. కాని అలిపిరి నుంచి 3,550 మెట్లూ ఎక్కి తిరుమల చేరి, మళ్లీ ఆ మెట్లమీదనే కాలినడకన దిగివచ్చినవాళ్లని అడగండి. మర్నాడు పొద్దున మంచం దిగటానికి ఎవరి చెయ్యి పట్టుకోవలసి వచ్చిందో చెబుతారు.

కారణం ఏమిటంటే, ఎక్కేటప్పుడు మన తొడ కండరం కుంచించుకుంటూ ఒంటిని పైకి లేపుతుంది. దిగేటప్పుడు అదే కండరం సాగుతూ ఒంటి బరువుని ఆపుతుంది. మేడమీంచి నిండు బిందెని తాడుకి కట్టి కిందికి దించుతున్నారనుకోండి. తాడు వదిలెయ్యరు కదా! చేతుల్లోంచి కొంచెం కొంచెంగా జారనిస్తూ గట్టిగా పట్టుకునే ఉంటారు. తొడ కండరం చేసేదీ అదే. ఇట్లా సాగుతూ పనిచేసిన కండరంలో సన్నని పోగులు దెబ్బతింటాయి. ఆ నొప్పి వెంటనే తెలియదు. మర్నాటికి బయటపడుతుంది.

మరి మోకాలి సంగతి? దానిమీద ఎంత బరువు పడుతుందో సరాసరి కొలిచినవాళ్లున్నారు. మోకీలు అరిగిపోయినవాళ్లకి కృత్రిమ కీలు అమర్చటం మీకు తెలుసు. బెర్లిన్‌లో శాస్త్రజ్ఞులు ఆ కీలులోనే బరువుని కొలిచే పరికరం ఇమిడ్చారు. లోపలి కొలత తీగ లేకుండా బయటికి వచ్చేస్తుంది. అయిదుగురి మీద తీసిన ఈ కొలతలు 2010లో ప్రచురించారు. చదును నేలమీద నడిచేటప్పుడు కీలుమీద ఒంటి బరువుకి రమారమి 2.6 రెట్లు పడుతోంది. మెట్లు ఎక్కేటప్పుడు 3.2 రెట్లు. దిగేటప్పుడు 3.5 రెట్లు! ఉన్న బరువుకన్నా ఎక్కువ ఎక్కణ్ణించి వచ్చిందంటారా? కీలు చుట్టూ ఉన్న కండరాలు దాన్ని బిగించి లాగుతాయి కనక, ఆ లాగుడు కూడా కీలుమీదే పడుతుంది. మీరు 45 కిలోలు ఉంటే, కిందికి వేసే ఒక్కొక్క అడుగుకీ మీ మోకీలు 150 కిలోలకి పైగా భరిస్తోందన్నమాట.

ఇప్పుడు హిమాలయాల్లోకి వెళదాం. కేదారనాథ్ వెళ్లివచ్చిన తెలుగువాళ్లు మీ వీధిలోనే ఎవరో ఒకరు ఉంటారు. బండ్ల దారి గౌరీకుండ్ దగ్గరే ఆగిపోతుంది. అక్కడ ఎత్తు 1,980 మీటర్ల చిల్లర. కేదారనాథ్ ఎత్తు 3,583 మీటర్లు. అంటే తిరుగు ప్రయాణంలో నిలువుగా 1,600 మీటర్లు దిగాలి. అడుగుకి 20 సెంటీమీటర్ల చొప్పున దిగామనుకుంటే 8,000 అడుగులు, ఒక్కొక్క మోకాలికి 4,000 దెబ్బలు.

ఆ దారిలోనే, కొన్నేళ్ల కిందట, నాకు చేతికర్ర గురించి బుద్ధివచ్చింది.

గౌరీకుండ్‌లో ఇనప పొన్ను తొడిగిన వెదురుకర్రలు కొద్దిపాటి డబ్బుకే అమ్ముతారు. నేను వాటివంక చూడలేదు. నా దగ్గర పట్నంలో కొన్న తళతళలాడే మడతకర్ర ఉంది మరి. ట్రెకింగ్ పోల్ అంటారు దాన్ని. రేడియో ఏంటెన్నాలాగా ఒకదాంట్లోకి ఒకటి దూరే మూడు గొట్టాలు. ఎక్కటం బాగానే జరిగింది. దిగేటప్పుడు, లించోలీ దాటాక వాన మొదలైంది. ఒక తడిరాతి మీంచి కిందికి అడుగువేస్తూ కర్రమీద బరువు మోపానో లేదో, 110 సెంటీమీటర్ల కర్ర 70 సెంటీమీటర్లయి కూచుంది! నేను ముందుకి తూలి లోయవైపు పడ్డాను. ఎదురుగా కంచరగాడిదని తోలుకొస్తున్న ఒకాయన నా సంచీ పట్టీ అందుకుని ఆపాడు. మోకాలి చిప్ప గీరుకుపోవటంతో సరిపోయింది. ఆయన చేతిలో ఉన్నది వెదురుకర్రే.

నా కర్ర విరగలేదు, వంగలేదు. తన లోపలికి తనే దూరిపోయింది. కనక మడతకర్ర కొనేటప్పుడు ముందు చూడవలసింది రంగూ కాదు, పేరూ కాదు, గొట్టం ఏ లోహమో అనేది కూడా కాదు. ఆ గొట్టాల్ని కదలకుండా పట్టుకునే తాళం.

కర్ర చేసే ఉపకారం

అసలు కర్ర కావాలా అని మీకు సందేహం రావచ్చు. 1999లో ఆస్ట్రియాలోని సాల్జ్‌బర్గ్ శాస్త్రజ్ఞులు ఒక ప్రయోగం ప్రచురించారు. ఎనిమిదిమంది మగవాళ్లని 25 డిగ్రీల వాలుమీద రెండు చేతికర్రలతో ఒకసారీ, కర్రలు లేకుండా ఒకసారీ దింపారు. కర్రలున్నప్పుడు మోకీలుమీద పడే బలాలు 12 నుంచి 25 శాతం దాకా తగ్గాయి. కాలు మొయ్యవలసిన బరువులో కొంత చేతులు మోశాయి కనక.

అయితే అలసట తగ్గుతుందనుకోకండి. చేతులు కూడా పనిచేస్తున్నాయి కదా, గుండె కాస్త ఎక్కువగానే కొట్టుకుంటుంది. కర్ర లాభమల్లా మోకాలికీ, నిలకడకీ. నిలకడ సంగతి మీరు పాఠంలో చదివే ఉంటారు: గరిమనాభి నుంచి నిలువుగా గీసిన గీత, వస్తువు ఆధారం లోపల పడినంతసేపూ అది పడిపోదు. ఒంటికాలిమీద ఉన్న మనిషికి ఆధారం ఒక పాదమంత. ఒక కర్ర ఆనిస్తే ఆ పాదానికీ కర్రమొనకీ మధ్య జాగా అంతా కలిసివస్తుంది. రెండు కర్రలు ఆనిస్తే మనిషి దాదాపు కంచరగాడిద అంత నిబ్బరంగా నిలుస్తాడు. ముసలివాళ్లకి కర్ర మూడోకాలు అని ఊరికే అనలేదు.

తాళం లోపల ఏముంది?

మడతకర్రల్లో ముఖ్యంగా మూడురకాల తాళాలు ఉంటాయి.

చవకరకం కర్రల్లో ఎక్కువగా కనిపించేది తిప్పుడు తాళం. సన్నగొట్టం పైకొసన, పెద్దగొట్టం లోపల, చీలికలున్న ప్లాస్టిక్ బిరడా ఒకటి ఉంటుంది. దానిలో శంకువు ఆకారంలో ఒక మర. గొట్టాన్ని చేత్తో తిప్పితే శంకువు బిరడాలోకి ఎక్కి దాన్ని వెడల్పు చేస్తుంది. బిరడా పెద్దగొట్టం గోడని ఒత్తిపట్టుకుంటుంది. దుంగ చీలికలో మేకు దిగగొడితే చీలిక విచ్చుకోదూ, అట్లాగే. తెలివైన ఏర్పాటే. కాని ఇక్కడ బరువుని ఆపుతున్నది ఒరిపిడి ఒక్కటే. ఒరిపిడికి శత్రువులు ఎవరు? నీళ్లూ, సన్నటి మట్టీ. వానలో తడిసిన గొట్టాన్ని లోపలికి తోసినప్పుడల్లా ఈ రెండూ బిరడా దాకా వెళ్లి కూచుంటాయి.

చిన్న దోషి ఇంకొకడున్నాడు, చలి. బిరడా నైలాను, గొట్టం అల్యూమినియం అనుకోండి. నైలాను చలికి అల్యూమినియం కన్నా మూడురెట్లకి పైగా ముడుచుకుంటుంది. 14 మిల్లీమీటర్ల బిరడాని ఎండలో 30 డిగ్రీల దగ్గర బిగించి, వానలో 10 డిగ్రీలకి తీసుకుపోతే, దానికీ గొట్టానికీ మధ్య 0.016 మిల్లీమీటర్ల తేడా వస్తుంది. వెంట్రుక మందంలో పావు వంతు! ఇంతేనా అంటారేమో. బిరడా గోడని ఒత్తేది కూడా అంతంతమాత్రపు సాగుడుతోనే. అందుకే మధ్యాహ్నం గట్టిగా బిగించిన కర్ర సాయంత్రానికి వదులవుతుంది. తాళం లోపల ఉంటుంది కనక కంటికి ఏమీ కనపడదు.

రెండోది మీట తాళం. దీని సూత్రం మీ సైకిల్లోనే ఉంది. సీటు ఎత్తు మార్చుకునేచోట గొట్టం చుట్టూ ఒక పట్టీ ఉంటుంది. పాత సైకిళ్లలో దాన్ని పానాతో బిగిస్తారు, కొత్త సైకిళ్లలో మీట నొక్కితే బిగుసుకుంటుంది. మీట తల గుండ్రంగా ఉండదు, ఒకపక్క ఉబ్బెత్తుగా ఉంటుంది. మీట మూసినప్పుడు ఆ ఉబ్బు పట్టీని లాగి బిగిస్తుంది. ఇక్కడ కూడా పట్టుకునేది ఒరిపిడే. కాని తాళం బయట ఉంటుంది. మీట మూసి ఉందో తెరిచి ఉందో పదడుగుల దూరం నుంచి కనిపిస్తుంది. చలికి వదులైతే పక్కనున్న చిన్నమరని ఒక పావుచుట్టు తిప్పితే చాలు. కొన్నిటికి రూపాయిబిళ్ల అంచుతోనే తిప్పుకోవచ్చు. చేతులు చలికి కొంకర్లు పోయినప్పుడు తిప్పుడు తాళం కన్నా మీట తాళం ఎంత సుఖమో చెప్పనక్కరలేదు.

మూడోది గుండీ తాళం. ఆస్పత్రిలో చంకకర్రలు చూశారా? గొట్టానికి వరసగా బెజ్జాలుంటాయి. లోపలి స్ప్రింగు గుండీని ఒక బెజ్జంలోంచి బయటికి తోస్తుంది. ఇక్కడ ఒరిపిడితో పనిలేదు. గుండీ తెగితే తప్ప కర్ర జారదు. లోటేమిటంటే, బెజ్జాలు ఉన్నచోటే పొడవు మార్చగలం.

తక్కువ డబ్బులో కొనదలిస్తే నా ఓటు మీట తాళానికే. తిప్పుడు తాళం ఉన్నదే దొరికితే దొరికింది. కాని ప్రతి గంటకీ ఒకసారి బిగించి చూసుకోవాలి. నేను చెయ్యనిది అదే.

ఎంత చిన్నదవుతుంది?

కర్రని బస్సులో, రైల్లో తీసుకుపోవాలి కదా, చిన్నగా ముడవాలి. 135 సెంటీమీటర్ల దాకా సాగే కర్రని మూడు గొట్టాలతో చేశారనుకోండి. అతుకు దగ్గర ఒక గొట్టం ఇంకోదానిలో కనీసం 10 సెంటీమీటర్లు ఉండాలి, లేకపోతే అక్కడ ఊగులాడుతుంది. రెండు అతుకులకి 20. కనక 155ని 3తో భాగిస్తే ఒక్కొక్క గొట్టం సుమారు 52. కింద మొనా అదీ లోపలికి పోవు కనక ముడిచిన కర్ర 60, 65 సెంటీమీటర్లు ఉంటుంది. బడిసంచీలో పట్టదు, పక్కన కట్టుకోవాలి. నాలుగు గొట్టాలైతే ఎంత వస్తుందో మీరే లెక్కవెయ్యండి. సుమారు నాలుగు అంగుళాలు కలిసివస్తాయి. కాని తాళం ఒకటి పెరుగుతుంది, చివరి గొట్టం ఇంకా సన్నబడుతుంది. గోడ మందం మారకుండా గొట్టం వ్యాసం 18 నుంచి 12 మిల్లీమీటర్లకి తగ్గితే, వంగకుండా నిలిచే బిగువు పదింట మూడు వంతులే మిగులుతుంది. చిన్నగా ముడవటం ఊరికే రాదు!

ఇంకోరకం ఉంది. డేరా కమ్మీల్లాగా ముక్కలు విడివడి, లోపల తాడుతో కలిసి ఉంటాయి. మడిస్తే 35, 40 సెంటీమీటర్లే. చూడముచ్చటగా ఉంటుంది. ధర ఎక్కువ, చాలావాటికి పొడవు మార్చటం కుదరదు. ఎదిగే వయసులో ఉన్న మీకు ఇది పనికిరాదు. ఈ ఏడు కొన్న కర్ర వచ్చే ఏడుకి పొట్టిదైపోతుంది.

చీపురుపుల్ల ప్రయోగం

గొట్టాలమీద "ఇంతకన్నా లాగవద్దు" అని చెప్పే గీత ఒకటి ఉంటుంది. ఎందుకో తెలుసుకోవాలంటే ఒక చీపురుపుల్లా, వంటింటి త్రాసూ తీసుకోండి. 30 సెంటీమీటర్ల పుల్లని త్రాసుమీద నిలబెట్టి పైనుంచి వేలితో నొక్కండి. ఒక బరువు దగ్గర అది హఠాత్తుగా పక్కకి విల్లులా వంగుతుంది. ఆ అంకె రాసుకోండి. పుల్లని సగానికి తుంచి మళ్లీ నొక్కండి. ఇంచుమించు నాలుగురెట్లు బరువు పడుతుంది. పుల్ల అంతటా ఒకే లావు ఉండదు కనక సరిగ్గా నాలుగు రాకపోతే దిగులుపడకండి. పొడవు రెట్టింపైతే నిలువు బలం నాలుగోవంతు అవుతుందని ఆయిలర్ అనే గణితశాస్త్రజ్ఞుడు 1744లోనే లెక్కకట్టి చూపించాడు. మన కర్రకీ ఇదే సూత్రం. 110 సెంటీమీటర్ల కర్రని 130కి లాగితే దాని బలంలో పావువంతుకి పైగా పోతుంది. అతుకు కూడా పొట్టిదైతే చెప్పనే అక్కరలేదు.

గొట్టమే ఎందుకు, కడ్డీ పనికిరాదా అంటే, ఒక కాగితాన్ని నిలబెట్టి చూడండి. నిలవదు. గొట్టంగా చుట్టి నిలబెడితే పుస్తకం మోస్తుంది. వెదురు ఈ సంగతి ఎప్పుడో కనిపెట్టింది, పైగా మధ్యమధ్య కణుపులు కూడా వేసుకుంది. దాని తాళం మాత్రం ఎన్నడూ జారదు.

లోహం గురించి ఎక్కువ చెప్పవలసింది లేదు. చవక కర్రలు అల్యూమినియంలో కొద్దిగా మెగ్నీషియం, సిలికాన్ కలిపిన 6061 రకంతో చేస్తారు. జింకు, మెగ్నీషియం, రాగి కలిపిన 7075 రకం దాదాపు రెట్టింపు గట్టిది. ఇది 1930ల్లో జపానువాళ్లు యుద్ధవిమానాల కోసం తయారుచేసిన మిశ్రమం. కార్బన్ పోగుల కర్రలు ఇంకా తేలిక, ఇంకా ప్రియం. కాని రాళ్లమధ్య ఇరుక్కుని పక్కదెబ్బ తగిలితే అల్యూమినియం వంగుతుంది, కార్బన్ పుటుక్కుమంటుంది. వంగిన కర్రతో ఆ రోజు ఎలాగో గడుస్తుంది. లోపల స్ప్రింగు పెట్టి "అదురు తగ్గిస్తుంది" అని అమ్మేవాటికి అదనంగా డబ్బు పొయ్యకండి.

మొనకి మాత్రం డబ్బు పెట్టవచ్చు. అది టంగ్‌స్టన్ కార్బైడ్ అయి ఉండాలి. గోడలకి బెజ్జాలు వేసే డ్రిల్లు కొసన ఉండేది ఇదే. నల్లరాయిమీద కూడా తొందరగా అరగదు. మామూలు ఇనపమొన కొన్నాళ్లకే గుండుసున్నాలా తయారవుతుంది. దానిమీద తొడిగే రబ్బరు టోపీ రోడ్డుమీద నడవటానికీ, బస్సులో పక్కవాడి కాలు కాపాడటానికీ.

కొట్లో ఇట్లా చూడండి

కర్రని నేలమీద ఆనించి పట్టుకుంటే మీ మోచెయ్యి పలక మూలలాగా, లంబకోణంలో ఉండాలి. అదే మీ పొడవు. మీ ఎత్తుని 0.68తో గుణించినా దాదాపు అదే వస్తుంది. 150 సెంటీమీటర్లవాళ్లకి 102, 165వాళ్లకి 112. ఏటవాలుగా ఎక్కేటప్పుడు అయిదారు సెంటీమీటర్లు తగ్గించుకోవాలి, దిగేటప్పుడు అంతే పెంచుకోవాలి.

ఆ పొడవుకి తాళాలు వేసి, అతుకు దగ్గర పెన్సిలుతో సన్నగీత గియ్యండి. రెండు చేతులూ పిడిమీద పెట్టి, పాదాలు నేలమీదే ఉంచి, పొట్ట ఆనేటట్టు వంగి బరువు మోపండి. గీత కదిలిందా, ఆ కర్ర వద్దు. ఇంట్లో బరువు చూసే మిషన్ ఉంటే కర్రని దానిమీద నిలబెట్టి ఎంత నొక్కుతున్నారో అంకెల్లోనే చూడవచ్చు. మీ బరువులో సగం దాకా నొక్కినా జారకూడదని నా నియమం. తరవాత మొనవైపు సగాన్ని తడిబట్టతో తడిపి మళ్లీ నొక్కండి. కొట్టువాడు విసుక్కుంటాడు, విసుక్కోనివ్వండి. లోయ అంచున విసుక్కోవటం కన్నా నయం.

జతకి డబ్బు చాలకపోతే ఇద్దరు స్నేహితులు కలిసి ఒక జత కొని చెరొకటి తీసుకోండి. ఒక్క కర్రయినా ఉత్త చేతులకన్నా మేలే. అదీ కుదరకపోతే, బస్సులో మోసుకుపోయే బాధ లేనిచోట, మీ నడుముకి కాస్త పైదాకా వచ్చే వెదురుకర్రకి పొన్ను వేయించుకోండి. మడవటం ఒక్కటే తప్ప దానికి రాని పనిలేదు.

పిడికున్న పట్టీలో చెయ్యి పైనుంచి కాదు, కిందినుంచి దూర్చి, పట్టీతో కలిపి పిడి పట్టుకోండి. అప్పుడు బరువు మణికట్టుమీద ఆనుతుంది, వేళ్లు బిగించనక్కరలేదు. వాగు దాటేటప్పుడు మాత్రం పట్టీలోంచి చెయ్యి తీసెయ్యండి. కర్ర రాళ్లలో ఇరుక్కుంటే అది మిమ్మల్ని లాగకూడదు కదా.

ఇంటికి వచ్చాక గొట్టాలు విడదీసి తుడిచి ఆరబెట్టండి. తడిగా ముడిచిపెడితే లోపల తెల్లటి పొడి పట్టి గొట్టాలు బిగదీసుకుపోతాయి. తాళాలకి నూనె మాత్రం వెయ్యకండి! సైకిలు గొలుసుకి నూనె వేసే అలవాటుతో దీనికీ వేశారంటే, ఉన్న ఒరిపిడి కూడా పోతుంది.

నా పాతకర్ర ఇప్పటికీ ఉంది. మా అన్నయ్య అతుకుల దగ్గర బెజ్జాలు వేసి మేకులు బిగించేశాడు. పెరట్లో జామకాయలు దులపటానికి బాగా పనికొస్తోంది.